ప్రహరీ గోడ అవతలి విద్యార్థులు

మన విశ్వవిద్యాలయం గురించి రాయమని పూర్వ విద్యార్థుల సంచిక సంపాదకులు అడిగినప్పుడు, నేను చదివిన శాఖ గురించి కాక, నా సాయంత్రాలు గడిచిన విస్తరణ సేవా విభాగం గురించి రాయాలనిపించింది. ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న కాలనీలోని పిల్లలకు చదువు చెప్పడం, ఆదివారాలు వారిని మన ప్రయోగశాలలకు తీసుకురావడం, పెద్దవారికి చదవడం, రాయడం నేర్పడం ఆ విభాగం చేపట్టిన పనులు. ఏం చెప్పాలో నిర్ణయించుకునే ముందు వినేవారు ఏం అడుగుతున్నారో తెలుసుకోవాలని నాకు అక్కడే అర్థమైంది. ఉపాధ్యాయ వృత్తిలో ఇన్నేళ్లుగా నన్ను నడిపించింది కూడా అదే.

కొత్తగా చేరిన వాలంటీర్లకు మా ప్రోగ్రామ్ ఆఫీసరు గారు మొదటి సమావేశంలోనే జేమ్స్ స్టూవర్ట్ గురించి చెప్పేవారు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు చెందిన ఈ యువకుడు 1867లో ఉత్తర ఇంగ్లండు నగరాలకు వెళ్లి, ఉన్నత విద్యకు నోచుకోని స్త్రీలకు ఖగోళశాస్త్రంపై వరుసగా ఉపన్యాసాలిచ్చాడు. ఆ తరువాత రోచ్‌డేల్‌లో కార్మికుల సహకార సంఘంవారికి పాఠాలు చెబుతూ, ఒకరోజు తొందరగా వెళ్లవలసి రావడంతో, హాల్లో తగిలించిన పటాలను మరుసటి వారం దాకా అలాగే ఉంచమని అక్కడి పర్యవేక్షకుడిని కోరాడు. స్టూవర్ట్ తిరిగి వచ్చేసరికి సంఘ సభ్యులు ఆ పటాల గురించి తమలో తాము చర్చించుకుని, ఉపన్యాసానికి ముందే వచ్చి అడగడానికి బోలెడు ప్రశ్నలు సిద్ధం చేసుకున్నారు. అప్పటి నుంచి ఉపన్యాసంతో పాటు ప్రశ్నలకూ చర్చకూ విడిగా సమయం కేటాయించడం అతని పద్ధతిలో భాగమైంది. 1873లో కేంబ్రిడ్జి ఈ విస్తరణ బోధనను అధికారికంగా చేపట్టింది. మన దేశంలో గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం మొదలైంది. బోధన, పరిశోధనలతో పాటు విస్తరణను కూడా విశ్వవిద్యాలయపు మూడో బాధ్యతగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1977లో గుర్తించింది. ఈ తేదీలన్నీ మేము కంఠతా పట్టినవే. కాని నా మనసులో నిలిచిపోయినవి మాత్రం రోచ్‌డేల్ హాల్లో వారం రోజులు వేలాడిన ఆ పటాలే.

కాలనీలో మా పని మొదట్లో సాదాసీదా ట్యూషన్ లాగే సాగేది. ఆరో తరగతి పిల్లలను ఒకచోట, ఏడో తరగతి పిల్లలను మరొకచోట కూర్చోబెట్టి వారి వారి పాఠ్యపుస్తకాలు చెప్పేవాళ్లం. కొద్ది వారాలు గడిచాక మా ప్రోగ్రామ్ ఆఫీసరు గారు పుస్తకాలు పక్కన పెట్టించి, ఒక్కొక్కరి చేత ఒక చిన్న పేరా చదివించి వినమన్నారు. అక్షరాలూ గుణింతాలూ తడుముకోకుండా చదివే పిల్లలు ఒత్తు అక్షరం రాగానే ఆగిపోయేవారు. కొందరు ఒత్తును వదిలేసి ముందుకు సాగేవారు. మరికొందరు పదం మొదటి అక్షరాన్ని చూసి, మిగిలినది ఊహించి చెప్పేసేవారు. ఏడో తరగతిలోనూ అలాంటివారున్నారు, నాలుగో తరగతిలో ధారాళంగా చదివేవారూ ఉన్నారు. ఆనాటి నుంచి తరగతిని కాక చదవగలిగిన స్థాయిని బట్టి జట్లు కట్టాం. పెద్ద పిల్లలు చిన్నవారి పక్కన కూర్చోవడానికి నొచ్చుకుంటారేమోనని మేము భయపడినా, తమకు రాని చోటు నుంచే పాఠం మొదలవుతోందని తెలిసిన తరువాత వారే ముందుగా వచ్చి కూర్చునేవారు.

ఆదివారం ప్రయోగశాల తరగతుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఉల్లిపొరను గాజు పలక మీద పరచి, ఒక చుక్క అయోడిన్ వేసి, పైన కవర్‌స్లిప్ అనే పలుచని గాజు ముక్కను ఉంచి సూక్ష్మదర్శినిలో చూపించేవాళ్లం. తొలిసారి చూసిన పిల్లల్లో చాలామంది నల్లటి అంచుతో గుండ్రంగా మెరిసే ఆకారాన్ని చూపి, కణం కనబడిందని సంబరపడేవారు. నిజానికి అది కవర్‌స్లిప్ కింద చిక్కుకున్న గాలి బుడగ. ఒక అమ్మాయి మాత్రం, ఇటుకల్లా వరుసగా ఉన్నవాటి మధ్య ఇదొక్కటే గుండ్రంగా ఎందుకుందని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు నోటితో చెప్పకుండా, కవర్‌స్లిప్‌ను ఒక అంచు ఆనించి ఏటవాలుగా, మెల్లగా దించడం చూపించి, ఆమె చేతే మరో పలక తయారు చేయించాం. ఈసారి బుడగ లేదు. అయోడిన్ పట్టిన కణకేంద్రకాలు ఒక్కొక్క గదిలో ఒక్కొక్క చుక్కలా స్పష్టంగా కనిపించాయి. ఆ రోజు మిగిలిన పిల్లలకు పాఠం చెప్పింది ఆ అమ్మాయే. అంత ఖరీదైన పరికరాలను పిల్లల చేతికి ఇవ్వవచ్చా అని శంకించినవారు అప్పుడూ ఉన్నారు. ముట్టుకోనివ్వని ప్రయోగశాలను చూపించి పంపడం కన్నా అసలు చూపించకపోవడమే నయమని నా అభిప్రాయం.

వయోజన విద్య తరగతులకు వచ్చిన స్త్రీలు మా వాచకం మీద పెద్దగా ఆసక్తి చూపలేదు. బ్యాంకులో డబ్బు కట్టే ఫారం నింపడం, మందు చీటీ మీద పూటలు చదువుకోవడం, పిల్లల ప్రోగ్రెస్ కార్డు చూసి సంతకం చేయడం వారు కోరినవి. పాఠాల క్రమాన్ని ఆ కోరికల చుట్టూ మార్చుకున్నాక వారి హాజరు నిలకడగా ఉంది.

ఇలాంటి పనికి పెద్ద గండం పరీక్షల కాలం. వాలంటీర్లు చదువుల్లో మునిగిపోతారు, ఆఖరి సంవత్సరం వారు వెళ్లిపోతారు, కొత్తగా వచ్చినవారు మళ్లీ ‘అ ఆ’ల నుంచి మొదలుపెడతారు. దీనికి విరుగుడుగా ప్రతి పిల్లవాడికీ ఒక పేజీ చొప్పున రిజిస్టరు పెట్టి, ఏది వచ్చింది, ఎక్కడ తడబడుతున్నాడు అన్నది ఆ రోజే రాసేవాళ్లం. సెలవులకు ముందు కొన్ని వారాలు జూనియర్లు సీనియర్ల పక్కన కూర్చుని పాఠం అందుకోవాలన్న నియమం కూడా పెట్టుకున్నాం. ఈ రెండింటి వల్లనే మా తరగతులు బ్యాచ్‌లు మారినా ఆగలేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈనాడు ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ నాక్ మూల్యాంకనంలో పరిశోధన, నవకల్పనలతో పాటు విస్తరణ కూడా ఒక ప్రమాణంలో భాగమైంది. అది సంతోషించదగిన విషయమే. అయితే ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎంతమంది పాల్గొన్నారు అన్న లెక్కలతో పాటు, గత ఏడాది ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లవాడు ఈ ఏడాది పేరా చదువుతున్నాడా అన్నది కూడా మన నివేదికల్లో ఉండాలని కోరుకుంటున్నాను. పూర్వ విద్యార్థుల సంఘం తలచుకుంటే రెండు పనులు వెంటనే చేయవచ్చు. పరీక్షల నెలల్లో సాయంత్రపు తరగతులను దగ్గరలో స్థిరపడిన మనవాళ్లు వంతులవారీగా నడపవచ్చు. వేసవిలో ఆదివారం ప్రయోగశాలను తెరిచి ఉంచడానికి ల్యాబ్ అసిస్టెంటు వేతనాన్ని సంఘం భరించవచ్చు. మొదటి పనికి నా పేరు ఇప్పటికే ఇచ్చాను.