గోడ మీద పేరు, పక్కన డిపార్ట్‌మెంట్

బెంగళూరు శివార్లలోని బొమ్మసంద్రలో మా కంపెనీ చేసే వాల్వ్ భాగాల్లో సగానికి పైగా ఇంగ్లండ్‌కే వెళ్తాయి. అందుకని మా ప్లానింగ్ వాళ్లు రెండు దేశాల సెలవుల పట్టికలూ పక్కపక్కనే అంటించుకుని పనిచేస్తారు. సెలవు కాకపోయినా అందులో ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టిన రోజు ఒకటుంది, నవంబరు 11. ఆ రోజు మనకు సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి అక్కడ ఉదయం పదకొండు. ఆ టైముకి కాల్ పెట్టకూడదు. తెలియక పెట్టిన కొత్త ఇంజినీర్లకు స్క్రీన్ మీద అవతలి వాళ్లంతా లేచి నిలబడి కనిపిస్తారు. మైకులు ఆఫ్‌లో ఉంటాయి, రెండు నిమిషాలు ఎవరూ కదలరు. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది ఆ తేదీనే, ఆ గంటకే. మరుసటి ఏడాది నుంచి ఈ మౌనం పాటిస్తున్నారు.

ఒకసారి ఆడిట్ మధ్యలో ఈ మాటే వస్తే, అవతలి క్వాలిటీ మేనేజరు ఫోన్ చేతిలో పట్టుకుని క్యాంటీన్ దాకా నడిచి, అక్కడ గోడకున్న ఇత్తడి పలక చూపించాడు. తుడిచీ తుడిచీ అంచుల్లో అక్షరాలు అరిగిపోయాయి. యుద్ధంలో చనిపోయిన ఆ ఫ్యాక్టరీ ఉద్యోగుల పేర్లు. సైన్యంలో ఎవరు ఏ ర్యాంకో ఎక్కడా లేదు. పేరు పక్కన టర్నర్, మౌల్డర్, స్టోర్స్, ప్యాటర్న్ షాప్ అని మాత్రమే ఉంది. నా పక్కన కదిరి కుర్రాడు, సీఎన్‌సీ ఆపరేటరు, తల దూర్చి చూశాడు.

“అన్నా, వీళ్లంతా మన మాదిరి షాప్‌ఫ్లోర్‌లో, మెషిన్ల దగ్గర పనిచేసినోళ్లేనా?”

“అవునబ్బా.”

“ఇంటోళ్లకు జీతం గూడా ఇచ్చినారా, ఉత్త పేరేనా?”

ఆ సంగతి పలక మీద రాయలేదు.

ఇలాంటి పలకలు బ్రిటన్‌లో రైల్వేలకు, బ్యాంకులకు, పోస్టాఫీసులకు, ఫ్యాక్టరీలకు చాలా ఉన్నాయి. ఒక కారణం, అక్కడ పనిచేసే చోటి నుంచే జట్లుగా సైన్యంలో చేరారు. గ్లాస్గోలో ట్రాం ఉద్యోగులతోనే ఒక బెటాలియన్ తయారైంది. రెండో కారణం, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన వాళ్ల శవాలను ఇంటికి తెచ్చుకోనివ్వలేదు. ఎక్కడ చనిపోతే అక్కడే పూడ్చారు. ఊళ్లో సమాధి లేని మనిషికి చర్చిలో ఒక పేరు, పనిచేసిన చోట ఒక పేరు మిగిలాయి.

లండన్ పాడింగ్టన్ స్టేషన్లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1922లో పెట్టిన విగ్రహం ఉంది. పొడవాటి కోటు వేసుకున్న సిపాయి ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం చదువుకుంటూ ఉంటాడు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన ఆ రైల్వే ఉద్యోగులు 3,312 మంది అని దాని మీద రాసి ఉంది. సన్‌లైట్, లైఫ్‌బాయ్ సబ్బులు మన పెద్దవాళ్లందరికీ తెలుసు. వాటిని చేసిన లీవర్ బ్రదర్స్ వాళ్లు తమ ఉద్యోగుల స్మారకాన్ని 1921లో తమ ఫ్యాక్టరీ ఊరైన పోర్ట్ సన్‌లైట్‌లో కట్టారు. దాన్ని ఆవిష్కరించింది సోమ్ యుద్ధంలో రెండు కళ్లూ పోయిన ఒక సార్జెంటు. ఎవరు ఆవిష్కరించాలో ఓటు పెట్టి తేల్చారు. మన దగ్గరైతే మంత్రిగారి డేటు కోసం ఆరు నెలలు ఆగేవాళ్లం.

వీటన్నిటిలో నన్ను నిలబెట్టేసింది చిల్వెల్. నాటింగ్‌హామ్ దగ్గర అక్కడ ఫిరంగి గుండ్లలో మందు నింపే ఫ్యాక్టరీ ఉండేది. 1918 జులై 1 సాయంత్రం అది పేలిపోయింది. 134 మంది చనిపోతే, ఫలానా అని గుర్తుపట్టగలిగింది 32 మందినే. మిగతావాళ్లను పక్క ఊళ్లో కలిపి పూడ్చారు. ఆ మందుతో పనిచేసే ఆడవాళ్లకు ఒళ్లు పసుపుపచ్చగా మారిపోయేది. ఆ పేలుడులో పోయినవాళ్లు యుద్ధభూమిలో లేరు, షిఫ్టుకి వచ్చి చనిపోయారు. మరుసటి ఏడాదే అక్కడ స్తూపం లేచింది. దాని మీద చెక్కిన వివరాలు చదివితే షాప్‌ఫ్లోర్‌లో పనిచేసిన ఎవడికైనా ఒళ్లు జలదరిస్తుంది. పునాదికి తొలి గడ్డపార ఎప్పుడు పడింది, తొలి గుండు ఎప్పుడు నింపారు, మొదటి ఏడాది ప్రొడక్షన్ ఎంత, మొత్తం నింపిన గుండ్లు 1,93,59,000 అని లెక్కలు! స్మారకం మీద కూడా టార్గెట్ బోర్డు పెట్టకుండా ఉండలేకపోయారు. గేటు దగ్గర మేం రోజూ చూసే ‘ప్రమాదం లేని రోజులు’ బోర్డు ఆ కుటుంబంలోదే. ప్రమాదం జరిగితే దాని మీద అంకె సున్నాకి వస్తుంది. ఎవరికి జరిగిందో ఆ బోర్డుకి అక్కర్లేదు.

యుద్ధం బెంగళూరు షాప్‌ఫ్లోర్‌కి తెలియనిదేమీ కాదు. 1940లో ఇక్కడ మొదలైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా విమానాలు రిపేరు చేశారు. ముళ్లకంచెల కింద తోసి పేల్చే గొట్టం బాంబు ‘బెంగళూరు టార్పెడో’ 1912లో ఈ ఊళ్లోనే, మద్రాస్ సాపర్లనే సైనిక ఇంజినీర్ల దళం దగ్గర పుట్టింది. తర్వాత ఆ విమానాల ఫ్యాక్టరీ పనిలోనే, 1970 జనవరి 10న మారుత్ యుద్ధవిమానాన్ని పరీక్షిస్తూ చనిపోయిన పైలట్ సురంజన్ దాస్. సురంజన్ దాస్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజూ ఇరుక్కుని తిట్టుకునే మనవాళ్లలో ఆయనెవరో తెలిసినవాళ్లు తక్కువే. పేరు రోడ్డుకి పెడితే వచ్చే చిక్కు అదే, చివరికి రోడ్డే మిగులుతుంది.

అసలు ఈ నేల మీద రాతి మీద పేరు చెక్కడం ఇంగ్లీషువాళ్లు నేర్పింది కాదు. హోసూరు రోడ్డు నుంచి పక్కకు తిరిగితే బేగూరు. అక్కడి నాగేశ్వర గుడిలో సుమారు 890 నాటి కన్నడ శాసనం ఉంది. బెంగళూరు పోరులో నాగత్తరుడి కొడుకు బుట్టణ సెట్టి చనిపోయాడని అందులో రాశారు. బెంగళూరు అన్న పేరు దొరికిన పాత ఆధారాల్లో అదొకటి. అంటే ఈ ఊరు మనకు తెలిసిందే ఒక చావు కబురుతో. మా అనంతపురం పల్లెల్లోనూ చెరువు కట్టల మీద ఇలాంటి వీరగల్లులు, అంటే పోరులో పోయినవాళ్ల స్మారక రాళ్లు, కనిపిస్తాయి. ఆ రోజుల్లో పోరులో పోయినవాడి ఇంటివాళ్లకు పొలం మాన్యంగా ఇచ్చేవారు. కదిరి కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇంగ్లండ్ పలకలో లేదు గానీ ఇక్కడ రాళ్ల మీద ఉంది.

తెలుగువాళ్ల సంగతికొస్తే, వలసపోయి యుద్ధం చేతిలో పడినవాళ్లు మనలో చాలామంది. కోస్తా జిల్లాల నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి ఓడరేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ల మీద 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. బతికినవాళ్లలో లెక్కలేనంతమంది అడవుల గుండా ఇండియాకు నడిచారు. మలయా రబ్బరు తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను తీసుకెళ్లి జపాన్ సైన్యం 1942-43లో థాయ్‌లాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. ఆసియా కూలీలు పదుల వేల మంది అక్కడే పోయారు. థాయ్‌లాండ్‌లోని కాంచనబురిలో, అదే పనిలో పోయిన యుద్ధఖైదీలకు దాదాపు 7,000 సమాధులున్నాయి, వరసగా, శుభ్రంగా. ఖైదీలు సైనికులు కాబట్టి వాళ్ల రెజిమెంట్ల దగ్గర పేర్ల జాబితా ఉంది. మనవాళ్లు మేస్త్రీ కింద పనిచేశారు.

ఇది ఎనభై ఏళ్ల కిందటి మాట అనిపించదు నాకు. మా యూనిట్లో 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనాతో కొందరు పోయారు. పర్మినెంటు వాళ్లకు హెచ్‌ఆర్ నుంచి సంతాపం మెయిల్ వచ్చింది. కాంట్రాక్టు వాళ్ల కబురు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మామూలు రోజుల్లోనూ అంతే. ఇక్కడ ఎవరైనా పోతే అంబులెన్స్ బాగేపల్లి దాటి అనంతపురం వైపో, ముళబాగిలు దాటి చిత్తూరు వైపో వెళ్లిపోతుంది. మర్నాడు పంచింగ్ మెషిన్లో నంబరు తీసేస్తారు. ఊళ్లో సమాధి ఉంటుంది, ఫొటోకి దండ ఉంటుంది. ఇంగ్లండ్ వాళ్లకు శవం రాలేదు కాబట్టి పనిచేసిన చోట పేరు పెట్టుకున్నారు. మాకు శవం ఊరికి చేరుతుంది కాబట్టి, పదిహేనేళ్లు నిలబడి పనిచేసిన లేత్ దగ్గర ఆ మనిషి ఆనవాలు కూడా ఉండదు. కొత్తగా వచ్చినవాడు పాత మార్కర్ గీతలు చూసి, ఎవరు గీశారో అడిగి తుడిచేస్తాడు.

క్యాంటీన్ కమిటీలో మేం కొందరం ఒక పలక పెడదామని అడిగాం. యుద్ధం ఊసే లేదు, ఇక్కడ పనిచేస్తూ పోయినవాళ్ల పేర్లు చాలన్నాం. మేనేజ్‌మెంటు వద్దనలేదు. పర్మినెంటు ఉద్యోగుల వరకు లిస్టు ఇమ్మంది. కాంట్రాక్టు వాళ్లు లేకపోతే పలకే వద్దని కదిరి కుర్రాడు మీటింగులోనే గట్టిగా అనేశాడు. వాడూ కాంట్రాక్టే. దాని మీద రెండు మీటింగులు వాదన నడిచింది. అందరి పేర్లూ పెట్టడానికి చివరికి సరేనన్నారు. పేరు పక్కన డిపార్ట్‌మెంట్ రాయాలా, కాంట్రాక్టరు పేరు రాయాలా అన్నది వచ్చే నెలకు వాయిదా పడింది.