చిన్నాయన మెయిళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిన కథ

మొదటి ఆదివారం, చిత్తూరు

మా చిన్నాయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ ఇప్పిస్తుంటాడు. 2011 నుంచి వచ్చిన మెయిళ్ళన్నీ ఆయన ల్యాప్‌టాప్‌లోని థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలోనే ఉన్నాయి, సర్వర్‌లో కాపీ లేదు. దాని ఫ్యాన్ ఈమధ్య పిండిమర లాగా మోగుతోంది. "పోతే పోనీలే అనుకునేదానికి లేదురా, ఆడిటరు ఎప్పుడేమి అడుగుతాడో" అన్నాడు. అందులో లైనక్స్ వేసింది నేనే కాబట్టి ఆ బరువూ నామీదే పడింది. కమాండ్ లైన్‌తో కుస్తీ పట్టడం నాకు ఎటూ సరదానే.

థండర్‌బర్డ్‌లో ఒక్కో ఫోల్డరు మెయిళ్ళన్నీ ఎంబాక్స్ అనే ఒకే పెద్ద ఫైల్లో వరసగా పేర్చి ఉంటాయి. మనం డిలీట్ చేసినవి కంటికి కనబడవు గానీ ఫైల్లోంచి పోవు. అందుకే ముందు ఫోల్డర్లు కాంపాక్ట్ చేసి, అలాంటివాటిని నిజంగానే తీసేయించాను. 11.4 జీబీ కాస్తా 8.7 అయింది. ఏమీ కుదించకుండానే ఇంత తగ్గింది.

తర్వాత ఫైళ్ళన్నిటినీ ఒకటిగా చేర్చే టార్‌తో మూట కట్టి, సైజు కుదించే జీజిప్‌కు ఇచ్చాను. కాసేపటికే 'చదువుతుండగానే ఫైలు మారింది' అని టార్ గొణిగింది. చూస్తే థండర్‌బర్డ్ తెరిచే ఉంది, వెనకాల కొత్త మెయిళ్ళు దిగుతున్నాయి. దాన్ని మూసేసి మళ్ళీ మొదలెట్టాను. ఎమ్‌ఎస్‌ఎఫ్ అని ముగిసే ఇండెక్స్ ఫైళ్ళను వదిలేశాను, అవి ఎలాగూ మళ్ళీ వాటంతటవే తయారవుతాయి.

ఫలితం 6.5 జీబీ. ఉసూరుమనిపించింది.

రెండో ఆదివారం

వారమంతా ఆ 6.5 బుర్రలో తిరుగుతూనే ఉంది. ఈసారి సెంట్ ఫోల్డరు ఫైలును లెస్ కమాండ్‌తో తెరిచి చూశాను. అటాచ్‌మెంట్లన్నీ బేస్64లో ఉంటాయి. అంటే మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా రాస్తారు, ఫైలు మూడో వంతు పెరుగుతుంది. లోపలి పీడీఎఫ్‌లు, ఫొటోలు ముందే కుదించినవి. జీజిప్ తీసేసింది ఆ బేస్64 కొవ్వునే, అంతకు మించి దానికి దొరికిందేమీ లేదు.

కిందికి జరుపుతూ పోతుంటే ఒకటి కంటబడింది. పీడీఎఫ్ అయితే చాలు, ప్రతిదీ జె, వి, బి, ఇ, ఆర్, చిన్న ఐ, సున్నా అనే అక్షరాలతోనే మొదలవుతోంది. ఒకచోట ఆ మొదటి వరసే కాదు, పేజీలకు పేజీలు అచ్చుగుద్దినట్టు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. చిన్నాయన ఒకే రేట్ల షీటును పద్నాలుగు మందికి విడివిడిగా పంపాడు! ఒక్కొక్కటి దాదాపు 700 కేబీ. జీజిప్ వెనక్కి తిరిగి చూసేది 32 కేబీ మాత్రమే, రెండో కాపీ దగ్గరికొచ్చేసరికి మొదటిది దానికి గుర్తుండదు.

అందుకే జెడ్‌ఎస్‌టీడీ అనే మరో కుదింపు ప్రోగ్రాంకు మారాను. 'లాంగ్ ఈక్వల్స్ 27' ఆప్షన్ ఇస్తే అది 128 ఎంబీ వెనక్కి చూస్తుంది. 4.8 జీబీకి దిగింది. ఆశ పుట్టి 31 పెట్టి చూశాను. 4.5కు వచ్చింది గానీ, విప్పేటప్పుడు మెమరీ చాలదని మొరాయించింది, అదే ఆప్షన్ మళ్ళీ ఇస్తేనే తెరుచుకుంది. పదేళ్ళ తర్వాత ఈ అంకె ఎవడికి గుర్తుంటుంది? 27 అయితే ఏ ఆప్షనూ ఇవ్వకుండానే విప్పుకోవచ్చు. దాంతోనే సరిపెట్టుకున్నాను. ఇంకా గట్టిగా కుదించే లెవెల్ 19 కూడా వద్దు. గంట పైన నడిచి లెవెల్ 9 కంటే 100 ఎంబీ కూడా మిగల్చలేదు.

సాయంత్రం వానకు కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ పేరుకే ఉంది. సగంలో ఆగిన ఫైలు మాత్రం పైకి చక్కగానే కనబడుతోంది, పేరుంది, సైజుంది. జెడ్‌ఎస్‌టీడీకి హైఫన్ టీ ఇచ్చి పరీక్షిస్తే తప్ప మధ్యలో తెగిందని తెలియలేదు. అప్పట్నుంచి 'పచ్చి' అనే పేరుతో ఫైలు తయారుచేస్తున్నా, పరీక్ష నెగ్గాకే అసలు పేరు పెడుతున్నా.

పెన్‌డ్రైవ్‌కు కాపీ చేస్తే 4 జీబీ దగ్గర ఆగిపోయింది. పెన్‌డ్రైవ్‌కున్న ఫ్యాట్ 32 ఫార్మాట్ గోల అది, ఒక్క ఫైలు అంతకు మించకూడదు. పాత పాటలేవో ఉంటే తీసేసి ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేశాను.

మూడో ఆదివారం, తిరుపతి

పెన్‌డ్రైవ్ నాతో తెచ్చుకుని మా ఇంట్లో విప్పాను. ఫైలు మారిందో లేదో చెప్పే షా256 అంకె రెండుచోట్లా ఒకటే వచ్చింది. ఎంబాక్స్ ఫైళ్ళను థండర్‌బర్డ్ లోకల్ ఫోల్డర్స్‌లో పడేస్తే ఇండెక్సులు అవే కట్టుకున్నాయి. 2014 నాటి ఒక బిల్లు వెతికి తెరిచాను, వచ్చింది.

చిన్నాయనకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. "సరే, హోసూరాయన నంబరు చూసి చెప్పు" అన్నాడు.

అడ్రస్ బుక్ తీస్తే ఖాళీ. నేను మూట కట్టింది మెయిల్ ఫోల్డరు ఒక్కటే. అడ్రస్ బుక్ ఫైలు దాని బయట, థండర్‌బర్డ్ సరుకంతా ఉండే ప్రొఫైల్ ఫోల్డర్లో ఉంటుంది. వచ్చే ఆదివారం మళ్ళీ చిత్తూరు బస్సెక్కాలి. ఈసారి ప్రొఫైల్ మొత్తం కడతాను. తమ్ముడింట్లో ఉంచే కాపీకి పాస్‌వర్డ్ కావాలి, దానికి జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాంతో తాళం వేస్తాను.