పెరట్లో ఇంకో ఇల్లు

ఫ్రీమాంట్‌లో మా పెరట్లో అమ్మానాన్నల కోసం చిన్న ఇల్లు కడదామనుకుంటున్నాం. ఇక్కడ వీటిని ఏడీయూలంటారు. కాలిఫోర్నియా చట్టం బాగానే కలిసొస్తోంది. పక్కన, వెనక 4 అడుగులు వదిలితే చాలు. 750 చదరపు అడుగులు దాటకపోతే ఇంపాక్ట్ ఫీజు (కొత్త కట్టడం వల్ల రోడ్లు, పార్కుల్లాంటి వాటిపై పడే భారానికి వసూలు చేసేది) లేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే సిటీవాళ్లు 60 రోజుల్లో తేల్చాలి. పక్కింటివాళ్లకు ఇష్టం లేదని హియరింగులు పెట్టడానికి లేదు.

"పక్కింటాయనతో గొడవ లేకుండా గోడ లేస్తుందా!" అని నాన్న నమ్మట్లేదు.

నా టెన్షనంతా రూల్స్‌తో కాదు, డబ్బుతో. మురుగు పైపుకి పెరడంతా తవ్వాలి, కరెంటు ప్యానెల్ మార్చాలి, పైన సోలార్ కూడా.

అమ్మ మాత్రం ఈశాన్యం మూల కట్టొద్దంటోంది. మాకున్న ఖాళీ అక్కడే. దానికి ఏ చట్టంలోనూ వెసులుబాటు లేదు మరి!