మెడ ఏం పాపం చేసింది

మొన్న నైట్ షిఫ్ట్‌లో మా సీనియర్ చేత మాట పడ్డాను. అరవలేదులెండి, ఇక్కడ యూకేలో ఎవరూ అరవరు, నాకు అదే ఇంకా చికాకు. మూడేళ్ళ పాప మెట్ల మీంచి పడిందని తలకి సీటీ స్కాన్ రాశారు, తీసే టెక్నీషియన్ని నేను. స్కౌట్, అంటే ముందుగా తీసే మామూలు బొమ్మ, రాగానే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తీయాలో నేను దాని మీద బాక్స్ పెట్టేశా, మాడు నుంచి గడ్డం కింద దాకా. స్కాన్ అయ్యాక ఆవిడ స్క్రీన్ మీద ఆ కింది గీత దగ్గర వేలు పెట్టి, రాసింది తలకే కదా, మెడ ఎందుకు తీశావ్ అనడిగింది. అలవాటండీ అని ఎలా చెప్తాం?

గుంటూరులో ఏడేళ్ళు ఇదే పని చేశాను. అక్కడ తక్కువ వస్తే డాక్టర్ గారు ఫోన్ చేసి తిడతారు, ఎక్కువ వస్తే ఎవరూ ఏమీ అనరు, ఇంక బాక్స్ కిందికి జారదా మరి. పిల్లల ప్రోటోకాల్ పెట్టడం మాత్రం నేను మర్చిపోలా, కేవీ ఎంఏ, అంటే ఎక్స్‌రే బలం, అన్నీ తగ్గించే తీశా. పోయిందల్లా ఆ గీత దగ్గరే. 14 సెంటీమీటర్లు సరిపోయేదానికి 20 తీశా. 30 మిల్లీగ్రే (రేడియేషన్ డోస్ కొలత) లెక్కన డీఎల్‌పీ, అంటే స్కాన్ పొడవుతో గుణించిన మొత్తం డోస్, 420తో అయిపోవాల్సింది 600 అయ్యింది, ఆ ఎక్కువైందంతా థైరాయిడ్ ఉండే వైపే. ఇక్కడ ఆ నంబర్ మన చేత్తోనే సిస్టమ్‌లో ఎక్కించాలి, 600 కొడుతుంటే సిగ్గేసింది. అక్కడ కూడా మెషిన్ ఆ డోస్ పేజీ ఇచ్చేది, ఫిల్మ్‌లో జాగా దండగని మేమే తీసేసేవాళ్ళం.

అలాగని మా వాళ్ళని ఒక్క మాటంటే నాకు కోపం వస్తుంది. 2012లో లాన్సెట్ అనే మెడికల్ పత్రికలో వచ్చిన ఇక్కడి స్టడీనే తీసుకోండి, పదేళ్ళ లోపు పిల్లల్లో 10,000 తల సీటీలకి ఆ తర్వాతి పదేళ్ళలో ఒక లుకేమియా, ఒక బ్రెయిన్ ట్యూమర్ ఎక్కువ రావచ్చని అంచనా. చిన్నదే, కానీ ఉంది. అందుకే ఇక్కడ ఒక్క లక్షణమే ఉంటే, అంటే మూడుసార్లు వాంతయ్యి మిగతావేమీ లేవనుకోండి, వెంటనే స్కాన్ రాయరు, దెబ్బ తగిలినప్పట్నుంచి కనీసం 4 గంటలు కనిపెట్టి చూస్తారు. చూడటానికి నర్సుంది, బెడ్డుంది. మాచర్ల నుంచి బస్సెక్కి పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చిన అమ్మకి, ఇక్కడే కూర్చోమ్మా, నాలుగు గంటలు చూద్దాం అని ఎవరు చెప్తారు, ఎక్కడ కూర్చోబెడతారు? ట్రైక్లోఫాస్ అనే నిద్రమందు పట్టించి, నిద్రపోగానే తీసి పంపించేవాళ్ళం. లాస్ట్ బస్సు పోతే ఆవిడ రాత్రికి ఎక్కడ పడుకోవాలి?

ఇదంతా మా సీనియర్‌తో అనలేదు, ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో నాకు నేనే చెప్పుకున్నా. అయినా ఆవిడ అడిగింది స్కాన్ ఎందుకు తీశావని కాదు, మెడ ఎందుకు తీశావని. గీత పైకి జరపడానికి నర్సూ అక్కర్లేదు, బెడ్డూ అక్కర్లేదు కదా. ఆ ఒక్కదానికే నా దగ్గర జవాబు లేదు.

నిన్న నరసరావుపేట నుంచి అక్క ఫోన్. చిన్నోడు అరుగు మీంచి పడ్డాడంట, డాక్టర్ స్కాన్ రాశాడంట, తీయించమంటావా తమ్ముడూ అని. వాంతులెన్ని అయ్యాయి, మత్తుగా ఉన్నాడా అని అడగబోతుంటే, ఏంట్రా ఆ దేశం వెళ్ళి స్కాన్ తీయడానికి కూడా లెక్కలేస్తున్నావా అంది. తీయించక్కా, డాక్టర్ చూసి రాశాడుగా అన్నా. ఫోన్ పెట్టేసేలోపు, టెక్నీషియన్‌కి ఒక్కసారి ఇవ్వక్కా అన్నా. ఇచ్చింది. తమ్ముడూ, గడ్డం దాకా వద్దు, పుర్రె అడుగుతో ఆపు అన్నాను. డాక్టర్ గారు మళ్ళీ అడిగితే జవాబు ఎవరు చెప్తారన్నా అన్నాడు.