ఎండాకాలం చదువు: ఈసారి చెరువుల వెంట

అశ్వని కార్తె, ఏప్రిల్ నడిమి రోజులు

ప్రతి ఎండాకాలం ఏవో నాలుగు పుస్తకాలు ముందేసుకోవడం, మామిడికాయ తొక్కు పనులు మొదలుకాగానే వాటిని అటకెక్కించడం మా ఇంట్లో మామూలే. ఈసారి పద్ధతి మార్చాను. నల్గొండ జిల్లా చరిత్ర మొత్తం నెత్తికెత్తుకోకుండా నీళ్ల సంగతి ఒక్కటే పట్టుకున్నాను. చెరువు, బావి, కాలువ, ప్రాజెక్టు. వీటి ఊసున్న అధ్యాయమైతే చదవడం, లేదంటే దాటేయడం. రాజుల వంశాలు నాకు ఎన్నిసార్లు చదివినా గుర్తుండవు. చెరువు కట్ట మీద నిలబడితే మాత్రం దీన్ని ఎవరు కట్టించారు, పూడిక ఎవరు తీశారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని అడగాలనిపిస్తుంది.

చదివేది పొద్దున్నే, డాబా మీద. ఏడు దాటితే అక్కడ కూర్చోలేం. మధ్యాహ్నం కూలర్ ముందు కూర్చుంటే పుస్తకం కంటే నిద్రే ఎక్కువ సాగుతుంది కాబట్టి ఆ టైమును నోట్సు రాసుకోవడానికి పెట్టుకున్నాను. పొడుగాటి నోట్‌బుక్కు తెచ్చి ఎడమ పేజీలో పుస్తకం చెప్పింది, కుడి పేజీలో ఇంట్లోవాళ్లు, ఊళ్లోవాళ్లు చెప్పింది రాస్తున్నాను. కుడి పేజీలు ఎక్కువగా మా అత్తమ్మవి. ఆమెది మర్రిగూడ దిక్కు. తారీఖులు చెప్పదు, కార్తెలు చెబుతుంది. అందుకే ఈ లెక్క కూడా కార్తెల ప్రకారమే రాసుకుంటున్నాను.

మొదలుపెట్టింది సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'తో. పాలమూరు మనిషి, 1926లో గోలకొండ పత్రిక పెట్టినాయన. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో సంచిక వేసి చూపించాడు. ఈ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో అదే మొదటిది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది. యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని పాత కావ్యాల్లోంచి ఏరి రాసిన పద్ధతి నాకు నచ్చింది. పద్యాలు అడ్డం వచ్చిన చోట ఆగొద్దు, కింద ఆయనే విషయం చెబుతాడు. వికీసోర్స్‌లో ఉచితంగానే ఉంది కానీ ఫోన్లో చదివితే కళ్లు మండుతున్నాయి. అచ్చు ప్రతి దొరికితే అదే మేలు.

భరణి కార్తె, ఏప్రిల్ ఆఖరు

ఇప్పుడు శాసనాలు. పురావస్తు శాఖ వేసిన నల్గొండ జిల్లా శాసనాల సంపుటాలు కథలాగా చదివేవి కావు. దానాలు, ఎల్లలు, సాక్షులు, శాపాలు. మొదట్లో బోరు కొట్టింది. చెరువు, తూము, కాలువ అన్న మాటలున్న శాసనాలే వెతుక్కుంటూ పోయేసరికి దారి దొరికింది. చెరువు కట్టించినవాళ్లకో బాగుచేసేవాళ్లకో 'దశబంధం' కింద పదో వంతు ఇచ్చే ఏర్పాటు ఉండేది. అంటే మరమ్మతు ఖర్చు ఆ చెరువు కింది పంటలోంచే వచ్చేది. దయాధర్మాల మీద నడిచే వ్యవహారం కాదు. తూము తెరిచి మడి మడికి నీళ్లు వంతులేసిన నీరడి గురించి మా అత్తమ్మ చెప్పింది కుడి పేజీ నిండా ఉంది. పంట కల్లంలో ఉన్నప్పుడే ఆయన వాటా ఆయనకు కొలిచేవాళ్లట.

సంవత్సరాల లెక్క చేతికి రాకపోతే ఈ పుస్తకాలు ముందుకు సాగవు. శక సంవత్సరానికి 78 కలిపితే ఇప్పుడు మనం వాడే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. శక 1117 అంటే 1195, శక 1130 అంటే 1208. ఈ రెండూ సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్ల శాసనాల కాలాలు. సంవత్సరం పేరు కూడా ఉంటే సరిచూసుకోవచ్చు: 1987 ప్రభవ, అక్కడి నుంచి అరవైల లెక్కన వెనక్కి పోతే 1207 మళ్లీ ప్రభవ, 1208 విభవ. నిజాం కాలం కాగితాలైతే ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలపాలి. హైదరాబాద్ ఫసలీ అక్టోబర్‌లో మొదలయ్యేది కాబట్టి జనవరి దాటిన నెలలకు 591. జాగీర్దారీ రద్దు చట్టం మీద 1358 ఫసలీ అని ఉంటుంది, అది 1949 ఆగస్టు. ఈ లెక్కలన్నీ నోట్‌బుక్కు అట్ట లోపల రాసి పెట్టుకున్నా.

ఒక ఆదివారం పొద్దున పానగల్లు పోయొచ్చాను. నల్గొండను ఆనుకునే ఉంటుంది. అందరూ ఛాయా సోమేశ్వరంలో లింగం మీద పడే నీడ చూడ్డానికే పోతారు. పొద్దంతా ఆ నీడ కదలకపోవడానికి కారణం గర్భగుడి ముందున్న స్తంభాలు, వాటి సందుల్లోంచి లోపలికి వచ్చే వెలుతురు. నేను పోయింది ఉదయసముద్రం కోసం. కందూరు చోడుల కాలపు చెరువు. పచ్చల సోమేశ్వరం పక్కనే మ్యూజియం కూడా ఉంది, అక్కడి శిల్పాలు తీరిగ్గా చూడాల్సినవే. ఎండ ముదరకముందే గుళ్లు ముగించుకుని కట్ట మీదికి వెళ్లడం మంచిది.

కృత్తిక కార్తె, మే

ఈ కార్తెలోనే ఎక్కువ పేజీలు నిండాయి. ఉదయసముద్రంలో ఇప్పుడున్నవి ఒట్టి వాననీళ్లు కావు. నాగార్జునసాగర్ వెనుక జలాల్లోంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో ఇక్కడిదాకా తెస్తున్నారు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల నాటి చెరువు కృష్ణ నీళ్లకు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ అయింది.

దాంతో సాగర్ మీద పడ్డాను. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఈలోపు, 1954 నుంచి 1960 దాకా, మునిగిపోబోయే నాగార్జునకొండ లోయను తవ్వి ఇక్ష్వాకుల విజయపురిని బయటికి తీశారు. దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అటు ఒడ్డున అనుపుకు తరలించి మళ్లీ నిలబెట్టారు. తవ్వకాల గురించి రాసింది బోలెడు దొరుకుతుంది. లోయ ఖాళీ చేసి పోయిన ఊళ్ల గురించి మాత్రం వెతుక్కోవాలి. ఆ తేడా నాకు నచ్చలేదు.

ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పల్లానికి పారుతూ ఖమ్మం దాకా పోయింది. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ ప్రాంతాలు కాలువ కంటే ఎత్తు మీదున్నాయి. డ్యామ్ ఉన్నది సొంత జిల్లాలోనే, నీళ్లు మాత్రం పైకి ఎక్కలేదు. వానలు తగ్గి తోడుబావులు ఎండాక బోర్లు లోతుకు పోయాయి. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ ఆ లోతు నీళ్లలో కరిగి వచ్చింది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే ముందు పళ్లు గారపడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగుతాయి. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతి తయారుచేసింది. దాన్ని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. జిల్లా పేరు అట్లా పాఠ్యపుస్తకాలకు ఎక్కడం గొప్ప సంగతేమీ కాదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది.

అత్తమ్మకు ఈ పేజీలు చదివి వినిపించాను. ఆమె చిన్నప్పుడు తాగింది తోడుబావి నీళ్లట, బోరు నీళ్లు తాగింది ఆమె చెల్లెళ్లట. "నా పండ్లు సూడు, మా చెల్లె పండ్లు సూడు" అన్నది. కుడి పేజీలో ఆ మాట యథాతథంగా రాసుకున్నా.

సాయుధ పోరాటం పుస్తకాలు ఈసారి కావాలనే తెరవలేదు. అవి మొదలుపెడితే ఎండాకాలమంతా అవే తినేస్తాయి. పోచంపల్లి భూదానం ఒక్కటి మాత్రం చూశాను, అక్కడా నీళ్ల సంగతి ఉంది కాబట్టి. 1951 ఏప్రిల్ 18న హరిజనవాడ జనం వినోబా భావేను అడిగింది 80 ఎకరాలు. అందులో సగం తరి (నీటి పారకం ఉన్న భూమి), సగం ఖుష్కి (మెట్ట). వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. 80 ఎకరాలన్నది అందరికీ తెలుసు. సగం తరి కావాలని తెగేసి అడిగారన్నది నాకిప్పుడే తెలిసింది.

రోహిణి కార్తె, మే ఆఖరు

రోళ్లు పగిలే ఎండలు. డాబా చదువు ఆరున్నరకే బంద్.

నల్లమలలోని అమ్రాబాద్ చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో వేసిన ఇంగ్లిష్ పుస్తకం నెమ్మదిగా నడుస్తోంది. నాది అంతంతమాత్రం ఇంగ్లిష్, పైగా మానవశాస్త్రం భాష. బంధుత్వాల పట్టికలు వదిలేసి తిండి, గుడిసె, తేనె, అడవిలో తిరుగుడు ఉన్న అధ్యాయాలే చదువుతున్నా. గడ్డలు తవ్వే కర్ర, కొండచరియ నుంచి తాళ్ల మీద దిగి తేనె పట్టు కోయడం, ఇప్పపూల కాలం లాంటివి. చెరువు కట్టుకున్నవాళ్ల లెక్క ఒకటైతే, నీళ్లున్న చోటికి పెంటనే (చెంచుల గూడెం) మార్చుకున్నవాళ్ల లెక్క ఇంకొకటి. చదవాల్సింది పక్కపక్కన పెట్టుకునే అనిపించింది. ఒక్క జాగ్రత్త: ఇది బయటి నుంచి వచ్చిన పండితుడు, అదీ నిజాం కాలంలో రాసింది. ఇప్పటి చెంచుల బతుకు దీన్ని బట్టి అంచనా వేయొద్దు.

మన్ననూరు వైపు పోవాలనుకునేవాళ్లకు: శ్రీశైలం రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలో మూసేస్తారు. పొద్దున్నే బయల్దేరి చీకటి పడేలోపు తిరిగొచ్చేట్టు చూసుకోండి. ఇప్పపూలు ఈపాటికి అయిపోయాయి, రేల చెట్లు మాత్రం పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి.

మిరుగం (మృగశిర కార్తె), జూన్

చేపల కోసం బజార్ల తొక్కులాట. హైమెండార్ఫ్ సగంలో ఉన్నాడు, సురవరం పూర్తయింది, శాసనాల సంపుటాలు ఎప్పటికీ పూర్తయ్యే రకం కాదు. మిగిలింది పాలమూరు లేబర్. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసినవాళ్లు, సొంతూళ్లో నీళ్లు లేక పోయినవాళ్లు. వాళ్ల గురించి పుస్తకాల్లో దొరికేది తక్కువ కాబట్టి ఈసారి కుడి పేజీతోనే మొదలుపెట్టాలి. నారాయణపేట దిక్కు మా బావ వాళ్ల ఊళ్లో డ్యామ్ పనులకు పోయొచ్చిన ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారట. నాట్లు మొదలైతే ఎవరూ మాటకు దొరకరు, అందుకని వచ్చే వారమే పోతున్నా.