లోపలి అరలు చూసి కొన్న బీరువా

నవంబరు ఆఖరు. వాన కాస్త తెరిపిచ్చింది కాబట్టి ఇవాళ పొద్దున్నే పాత సామాన్ల దుకాణానికి బయల్దేరాం. నేను, మా ఆయన, మా తలుపులూ కిటికీలూ చేసిపెట్టిన ఆచారి. ఆచారిని వెంట తీసుకెళ్లాలన్నది నా పట్టుదల. ఆయన చూసి సరేనన్నాకే డబ్బు తీయాలని రాత్రే అనుకున్నాం.

2021 నవంబరులో తిరుపతిని వాన ముంచెత్తినప్పుడు మేం కింది వాటాలో ఉండేవాళ్లం. నీళ్లు ఇంట్లోకి వచ్చేశాయి. అప్పుడున్న పుస్తకాల అర పార్టికల్ బోర్డుది. నీళ్లు తోడేసేసరికి కింది పలక ఉబ్బి, అంచులు విచ్చుకుని, చేత్తో తాకితే పొట్టు పొట్టుగా రాలింది. దాని పక్కనే ఉన్న అవ్వ టేకు పెట్టె కూడా అవే నీళ్లలో నానింది. నీడన ఆరబెట్టాం. మూత మళ్లీ బిగువుగానే పడింది. ఇంకెప్పుడైనా బీరువా కొంటే పాత చెక్కదే కొనాలని అప్పుడే తీర్మానించుకున్నాను. ఇప్పుడు పైవాటాకి మారాం గానీ నాన్న పుస్తకాలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అవ్వ ఇచ్చిన ఇత్తడి సామాను గోతాల్లో మంచం కిందకి చేరింది. అవి అలా ఉండటం నాకు నచ్చడం లేదు.

వెళ్లే ముందు టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నాను. ముందు కొలిచింది గోడని కాదు, లోపల పెట్టబోయే వస్తువుల్ని. నాన్న పుస్తకాల్లో పెద్దవి 12 అంగుళాల ఎత్తు. ఇత్తడి గంగాళానికి నోరు 16 అంగుళాలు. అంటే పుస్తకాల అర లోతు 12 అంగుళాలుంటే చాలు, గంగాళానికి మాత్రం కనీసం 18 కావాలి. చాలామంది గోడ ఖాళీ ఎంతుందో చూసుకుని కొంటారు. తీరా ఇంటికొచ్చాక పుస్తకాలు నిలబడవు, గిన్నెలుంటే తలుపు పడదు. ఆ తర్వాత మెట్ల మలుపు కొలిచాను. పైవాటా వాళ్లకి అది ప్రాణం. మలుపు దగ్గర తిరగని బీరువా ఎంత మంచిదైనా మనది కాదు.

దుకాణం అంటే రేణిగుంట రోడ్డు నుంచి లోపలికి దిగే సందులో పెద్ద రేకుల షెడ్డు. సరుకు రెండు వైపుల నుంచి వస్తుందట. ఒకటి కారైకుడి నుంచి, లారీల్లో. చెట్టినాడు చెట్టియార్లు బర్మాలో వ్యాపారాలు చేసిన రోజుల్లో అక్కడి టేకు తెప్పించి కట్టిన ఇళ్ల సామాను అది. రెండోది మన చుట్టుపక్కల కూల్చేస్తున్న ఇళ్లది. చిత్తూరు, పుత్తూరు, కార్వేటినగరం, గోవిందరాజస్వామి గుడి దగ్గరి పాత వీధులు. ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేటప్పుడు ముందు అమ్ముడుపోయేవి తలుపులు, బీరువాలే. గుమ్మాలు ఒకదానికొకటి ఆనించి పేర్చి ఉన్నాయి. కొన్నింటికి పసుపూ కుంకుమా ఇంకా పోలేదు. చూస్తే మనసు కలుక్కుమంది.

దేన్ని అడిగినా కుర్రాడు ‘బర్మా టేకు మేడం’ అంటాడు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి పాత ఇళ్లలో ఆ టేకు ఉందంటే నమ్మొచ్చు. కానీ అన్నీ అదే ఎలా అవుతాయి? ఆచారి తలుపు ముందువైపు చూడనే లేదు. సొరుగు బయటికి లాగి తిరగేశాడు, వెనకపలక మీద చెయ్యి పెట్టి రాశాడు, పాలిష్ తగలని చోట గోటితో గీకి వాసన చూశాడు. ‘ముందర టేకే తల్లీ, వెనక మామిడి’ అని ఒకదాన్ని పక్కన పెట్టించాడు. మామిడికి పురుగు తొందరగా పడుతుంది.

ఎర్రగా నిగనిగలాడే చిన్న అలమర ఒకటి చూసి మా ఆయన ‘ఎర్రచందనమా?’ అని గొంతు తగ్గించి అడిగారు. శేషాచలం నీడన ఉండేవాళ్లకి ఆ చెట్టు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. కాగితాలు లేని ఎర్రచందనం ఇంటికి తెచ్చుకుంటే కేసు తెచ్చుకున్నట్టే. చివరికి అది ఇరుగుడు చెక్క, పైన ఎర్ర పాలిష్. ఎర్రగా ఉన్నదల్లా చందనం కాదని ఆచారి నవ్వాడు.

ప్రతిదానికీ ‘యాంటిక్’ అని చీటీ అంటించి ఉంది. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం ఇలాంటి వస్తువుకి కనీసం 100 ఏళ్లుంటేనే పురావస్తువు కిందికి వస్తుంది. అరవై, డెబ్బై ఏళ్ల సామాను నాకు శుభ్రంగా సరిపోతుంది, కాకపోతే ధర కూడా ఆ వయసుకి తగ్గట్టే ఉండాలి. వయసు తెలుసుకోడానికి స్క్రూలు చూడమన్నాడు ఆచారి. తల మీద ప్లస్ గుర్తున్న స్క్రూ 1930ల తర్వాత వచ్చిన రకం. అది కనిపిస్తే సామాను ఆ తర్వాతిది, లేదా ఎవరో మధ్యలో బాగుచేయించారు. సొరుగు మూలల్లో చెక్కని పళ్లు పళ్లుగా కోసి ఒకదాంట్లో ఒకటి దిగేసిన అతుకులు కూడా చూపించాడు. చేత్తో కోసినవైతే ఒక పన్ను కొంచెం వెడల్పు, ఒకటి కొంచెం సన్నం. మిషను కోతలో అన్నీ ఒకే కొలత.

మా ఆయనకి నచ్చింది అద్దాల షోకేసు. పైన నెమళ్లు, పక్కన తీగలు, నిజంగా అందమైన పని. నాకూ కన్ను దాని మీదే ఉంది. ఆచారి దాని కాళ్ల కింద పాత న్యూస్‌పేపరు పరిచి, కింది చట్రాన్ని పిడికిలితో గట్టిగా కొట్టాడు. కాగితం మీద లేత రంగు పొడి గోధుమపిండిలా రాలింది. ‘పురుగు బతికే ఉందమ్మా’ అన్నాడు. రంధ్రాలున్నంత మాత్రాన భయపడక్కర్లేదట. నల్లబడి, పొడి రాలకుండా ఉంటే ఎప్పటివో పాతవి. తాజా పొడి రాలుతుంటే మాత్రం లోపల తింటూనే ఉన్నట్టు. మందు కొట్టించి ఇస్తానన్నాడు యజమాని. నాన్న పుస్తకాల పక్కన దాన్ని పెట్టే ధైర్యం నాకు లేదు. వద్దన్నాను.

నేను తీసుకున్నది మూలన, ఎవరూ పట్టించుకోనిది. చిత్తూరులో ఒక వకీలు గారి ఇంటి నుంచి వచ్చిందన్నాడు. చెక్కుడు పని లేదు, అద్దం లేదు. రెండు మామూలు తలుపులు, ఇత్తడి మడతబందులు. చిత్తూరంటే కాగితాల ఊరే కదా. 1911లో జిల్లా ఏర్పడక ముందు కూడా ఉత్తర ఆర్కాటు జిల్లాకి అదే ముఖ్యపట్టణం, కచేరీలూ కోర్టులూ అక్కడే. తలుపు తెరవగానే మనసు ఒప్పేసుకుంది. రెండు పక్కపలకలకీ నిలువునా రంపపు పళ్లలాంటి పట్టీలు కొట్టి ఉన్నాయి. పళ్ల మధ్య చిన్న చెక్క ఆనించి, దాని మీద అర పెట్టుకోవాలి. కావలసిన ఎత్తులో ఏ అరనైనా పెట్టుకోవచ్చు. ఒక్క మేకు పీకక్కర్లేదు, ఒక్క రంధ్రం వేయక్కర్లేదు. రోజూ కాగితాల కట్టలు తీసి పెట్టే మనిషి అవసరం బాగా తెలిసిన వడ్రంగి చేసి ఉండాలి. లోతు 18 అంగుళాలు. కింద గంగాళం పడుతుంది, పైన పుస్తకాలు రెండు వరసలు పడతాయి.

కుడి తలుపు మాత్రం పట్టేస్తోంది. ‘చిత్రిక పట్టించి ఇస్తా మేడం, రేపు తీసుకెళ్లండి’ అన్నాడు యజమాని. ఆచారి ఒప్పుకోలేదు.

‘దాన్ని ముట్టుకోవద్దు సామీ. ఇప్పుడు చెక్క తేమ పీల్చి ఉబ్బి ఉంది. సంక్రాంతి దాటాక చూద్దాం.’

తిరుపతిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మేలో 40 డిగ్రీలు దాటే ఎండ. చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, అడ్డంగానే తగ్గుతుంది. ఇవాళ గీసేస్తే ఎండాకాలానికి రెండు తలుపుల మధ్య వేలు దూరే సందు పడుతుంది. వానాకాలంలో కొంచెం బిగువున్న తలుపు మంచిదే అన్నమాట. ఎండాకాలంలో కొనేవాళ్లు కొంచెం వదులున్నా కంగారు పడక్కర్లేదు.

బేరం ఎక్కువసేపు సాగలేదు. అందరూ అద్దాలవే అడుగుతారట, ఇది కదిలితే చాలన్నట్టున్నాడు యజమాని. అరలు తీసి, తలుపులు ఊడదీసి, ట్రాలీ ఆటోలో నిలబెట్టి తెచ్చాం. మెట్ల మలుపు దగ్గర నాకు టెన్షనే. కొలత తప్పలేదు.

ఇంట్లో వాన కొట్టే గోడకి కాకుండా లోపలి గోడకి పెట్టించాను, అదీ రెండంగుళాలు ఎడంగా, వెనక గాలి ఆడేలా. ఇల్లు తుడిచిన నీళ్లు తగలకుండా కాళ్ల కింద గ్రానైట్ ముక్కలు వేశాం. పాప ఎక్కడానికి చూస్తుంది కాబట్టి పైభాగాన్ని గోడకి బిగించాడు ఆచారి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పని రేపటికి వాయిదా వేయకూడదు. ఉప్పుకాగితంతో రుద్ది కొత్తగా మెరిపించమని మా ఆయన అన్నారు గానీ నేనూ ఆచారీ ఒకే మాట మీద ఉన్నాం. అది లక్కని స్పిరిట్‌లో కరిగించి పూసిన పాత పాలిష్. రుద్దితే పోతుంది, మళ్లీ ఆ రంగు రాదు. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు, వేడి గిన్నె మాత్రం పెట్టకూడదు.

మిగిలింది అత్తమ్మ అడిగిన జాలీ బీరువా. పాలూ పెరుగూ ఫ్రిజ్‌లోనే ఉంటున్నా, అరటిపళ్లకీ పిండివంటలకీ గాలి తగిలే జాలీ బీరువానే కావాలంటుంది. అదే షెడ్డులో ఒకటుంది. కాళ్ల కింద నీళ్లు పోసే రాతి గిన్నెలతో సహా ఉంది, చీమలు ఎక్కవు. చెక్క గట్టిదే. కానీ ఒళ్లంతా పాత ఆకుపచ్చ పెయింటు, పెచ్చులు లేస్తోంది. పాత పెయింట్లలో సీసం ఉండేది. ఇళ్లకి వేసే పెయింట్లలో అది 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2016లోగానీ రాలేదు. తినేవి పెట్టే చోట, పాప చేతులు తగిలే చోట అలాంటి పెయింటు ఉండకూడదు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంకా ప్రమాదం. ఇంటికి తేకముందే ఆరుబయట, తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని మొత్తం తీసేస్తానంటే కొంటామని యజమానికి ఫోన్‌లో చెప్పాను. జాలీ కూడా కొత్తది వేయాలన్నాను. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. అత్తమ్మకి ఫోటో చూపిస్తే ఆకుపచ్చ రంగే బాగుందంటోంది. రేపు కూర్చుని ఆమెకి వివరంగా చెప్పాలి.