చెయ్యి పోయింది, ఉద్యోగం పోలేదు: ఒక లైన్‌మన్ అనుభవం

కరెంటు పనిలో పెద్ద దెబ్బ తగిలి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషికి ఆఫీసు నుంచి ముందుగా వచ్చే సలహా ఒకటుంది: "మెడికల్ ఇన్వాలిడేషన్‌కి అప్లికేషన్ పెట్టుకో, ప్రశాంతంగా ఇంట్లో కూర్చో." అంటే ఒంట్లో లోపం వల్ల ఉద్యోగానికి పనికిరానని రాసిచ్చి ముందే రిటైర్ అవ్వడం. నాకూ అదే చెప్పారు. చెప్పినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, నా మీద జాలితోనే చెప్పారు. కానీ ఆ అప్లికేషన్ మీద సంతకం పెట్టి ఉంటే నా కుటుంబం ఎక్కడుండేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. లైన్‌మన్లు, ఫైర్‌మన్లు, ఆర్టీసీ డ్రైవర్లు, ప్రాణం పణంగా పెట్టి ప్రభుత్వ ఉద్యోగం చేసేవాళ్ళు ఎవరైనా సరే, ఇది ముందే తెలిసి ఉండాలని రాస్తున్నాను.

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద నెల్లూరోళ్ళెవరూ మర్చిపోరు. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నీళ్ళు తీశాక మా పని మొదలైంది. మాది నెల్లూరుకు తూర్పున సముద్రం వైపు సెక్షన్. ఎక్కడ చూసినా వరి మళ్ళు, రొయ్యల గుంటలు. ఉప్పుగాలికి ఇన్సులేటర్లు మామూలు రోజుల్లోనే ఆగవు, ఇక వరద తర్వాత చెప్పేదేముంది. పోల్స్ వాలిపోయాయి, వైర్లు నీళ్ళలో పడ్డాయి. నిద్ర లేదు, తిండి లేదు, ఫోన్ మోగుతూనే ఉంది.

ఆ రోజు 11 కేవీ లైను మీద తెగిపోయిన జంపర్, అంటే రెండు లైను ముక్కలను కలిపే వైరు, కట్టాలి. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపాం పని చేసుకోండని ఇచ్చే అనుమతి) తీసుకున్నాం, నంబరు రాసుకున్నాం, లైనును విడదీసే ఏబీ స్విచ్ లాగేశాం. సబ్‌స్టేషన్ వైపు లైనుకు, పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోయేలా, ఎర్త్ రాడ్లు వేశాం. సెక్షన్ మొత్తానికి ఉన్నది ఒక్క సెట్టే. జంపర్ తెగి ఉంది కాబట్టి అవతలి ముక్కకు ఆ ఎర్త్‌తో సంబంధం లేదు. అటువైపు ఒక రొయ్యల గుంట దగ్గర నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పడానికి జనరేటర్ స్టార్ట్ చేశారు. జనరేటర్ కరెంటు మా లైనులోకి రాకుండా విడగొట్టే ఛేంజోవర్ స్విచ్ దానికి లేదు. జనరేటర్ కరెంటు వెనక్కి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎక్కితే, ఇవతలి వైపు 11 వేల వోల్టులై బయటికొస్తుంది. నేను పట్టుకున్నది ఆ వైరునే. నెల్లూరులో చూపించి చెన్నై తీసుకెళ్ళారు. కుడిచెయ్యి మోచేయి కింద నుంచి తీసేశారు.

ఇక అసలు సంగతి. మా ఉద్యోగాల్లో రిటైర్మెంట్ సొమ్ము ఎంతొస్తుందో తేల్చేది నువ్వు ఎంత ప్రమాదకరమైన పని చేశావన్నది కాదు, ఏ తేదీన చేరావన్నది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును విడగొట్టి ట్రాన్స్‌కో, జెన్‌కో చేశారు. అంతకుముందు చేరినవాళ్ళకు జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల ప్రావిడెంట్ ఫండ్), పాత పెన్షన్. ఆ తర్వాత చేరినవాళ్ళకు ఈపీఎఫ్ (కంపెనీ ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్), దాంతోపాటు దానికి అనుబంధంగా ఉండే 1995 నాటి పెన్షన్ స్కీము ఈపీఎస్. ఒకే పోల్ మీద ఇద్దరం ఎక్కి ఒకే పని చేస్తాం. ఒకరికి ఆఖరి జీతం మీద పెన్షన్, ఇంకొకరికి నెలకు రెండు మూడు వేలు. ఇది మా యూనియన్లు ఏళ్ళ తరబడి అడుగుతున్న విషయమే. నేను చేరింది 2002లో.

ఈపీఎస్‌లో శాశ్వత వైకల్యం పెన్షన్ అని ఒకటుంది. చేస్తున్న పనికి పూర్తిగా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినవాళ్ళకు పదేళ్ళ సర్వీసు నిబంధన లేకుండానే ఇస్తారు, 58 ఏళ్ళు నిండేదాకా ఆగక్కర్లేదు, వయసు తక్కువని కోత పెట్టరు. వినడానికి బాగానే ఉంటుంది. లెక్క వేసి చూడండి. జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించాలి. ఆ జీతం అసలు జీతం కాదు. 2014 ఆగస్టు వరకు 6,500, ఆ తర్వాత 15,000 దాటి లెక్కలోకి తీసుకోరు. నా పన్నెండేళ్ళకు 1,114, తర్వాత ఏడేళ్ళకు 1,500. రెండూ కలిపితే 2,600 చిల్లర. నా జీతంలో ఇరవయ్యో వంతు కూడా కాదు. పదమూడేళ్ళ కూతురు, పాలిటెక్నిక్ చదువుతున్న కొడుకు, ఇంటి లోను. ఆస్పత్రి బిల్లుల కాగితం వెనకే ఎడమచేత్తో ఫోన్‌లో కాలిక్యులేటర్ నొక్కి ఈ అంకె వేసుకున్నాను.

"పెన్షన్ సంగతి వదిలెయ్ బావా, నువ్వు ఇన్వాలిడేషన్ తీసుకుంటే పిల్లోడికి ఉద్యోగం అడగొచ్చు. వాడు చేరితే ఇల్లు నిలబడద్ది కదా" అన్నాడు మా బావమరిది. అతను చెప్పిందాంట్లో న్యాయం లేకపోలేదు. చాలా కుటుంబాలు అలాగే నిలబడ్డాయి, వాళ్ళను నేను తప్పుపట్టను. నేనూ రెండు రోజులు అటే మొగ్గాను. మా ఆవిడ మాత్రం గట్టిగా అడ్డం తిరిగింది. "మీ చెయ్యి తీసుకుంది చాలదా? ఆ పోలు మళ్లా వాడెక్కాల్నా? నేను బతికుండంగా ఒప్పుకోను." ఇంట్లో ఆ చర్చ అక్కడితో ఆగిపోయింది.

దారి చూపించింది రిటైరైన ఒక లైన్ ఇన్‌స్పెక్టర్. యూనియన్‌లో పనిచేసిన మనిషి, అందరం అన్నా అనే పిలుస్తాం. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏ కాగితం మీదైనా సంతకం పెట్టావా?" లేదన్నాను. "పెట్టమాక. నువ్వు రిటైర్ అయ్యే పనే లేదు" అన్నాడు.

ఆయన చెప్పింది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 20లో నాలుగో క్లాజు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ ఏదీ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పోస్టుకు పనికిరాకపోతే అదే పే స్కేలుతో, అవే సౌకర్యాలతో వేరే పోస్టులోకి మార్చాలి. అలాంటి పోస్టు ఖాళీ లేకపోతే సూపర్‌న్యూమరరీ (ఉన్నవాటికి అదనపు) పోస్టు ఒకటి సృష్టించి, సరైన పోస్టు దొరికేదాకా గానీ రిటైర్మెంట్ వయసు వచ్చేదాకా గానీ అందులో ఉంచాలి. పని స్వభావాన్ని బట్టి ఏదైనా సంస్థకు మినహాయింపు ఇవ్వాలంటే దానికి ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, ఆఫీసువాళ్ళు తమంతట తాము అనుకుంటే చాలదు. ప్రభుత్వ కంపెనీలకు కూడా ఇది వర్తిస్తుంది. ఈ రక్షణ 1995 నాటి పాత చట్టంలోనూ ఉంది. అంటే పాతికేళ్ళ పైబడి చట్టంలో ఉన్న హక్కు, నాకు మంచం మీద పడ్డాక తెలిసింది.

కాగితాల దగ్గరకొస్తే, అన్నిటికన్నా విలువైనది నేననుకోనిది. సబ్‌స్టేషన్ ఎల్‌సీ రిజిస్టరులో ఆ రోజు పేజీ. ఎవరు ఎల్‌సీ అడిగారు, ఏ ఫీడరు, ఎన్ని గంటలకు ఇచ్చారు, నంబరెంత, అన్నీ ఆపరేటర్ చేతిరాతతో ఉంటాయి. మా ఎల్‌సీ వెనక్కి ఇచ్చినట్టు రాసే గడి ఖాళీగా ఉంది. ఎల్‌సీ నడుస్తుండగానే ప్రమాదం జరిగిందని చెప్పడానికి ఆ ఖాళీ గడి ఒక్కటి చాలు. అన్న ఆ పేజీ ఫొటో తీయించి, తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సంతకంతో కాపీ తీసుకున్నాడు. దాంతోపాటు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు వెళ్ళిన రిపోర్టు (కరెంటు ప్రమాదాన్ని 24 గంటల్లోపు ఆయనకు తెలపాలి, 48 గంటల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి), ఆస్పత్రిలో రాసిన మెడికో లీగల్ కాగితం, డిశ్చార్జి సమ్మరీ.

ఆ పేజీ ముందుగా పనికొచ్చింది సెలవుల దగ్గర. నేను ఆస్పత్రిలో ఉన్న రోజులన్నీ నా ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) లోంచి కొట్టేస్తూ వచ్చారు. డ్యూటీలో తగిలిన దెబ్బకు స్పెషల్ డిసెబిలిటీ లీవ్ అని వేరే ఉంటుంది, అది మన సెలవుల ఖాతాలోంచి పోదు. అడిగితే గానీ ఇవ్వరు. అడిగాం, మార్చారు. ఈఎల్ అంటే రిటైరయ్యేనాడు డబ్బు కిందికి మారే సెలవు కదా, అది ఎందుకు వదులుకోవాలి?

తర్వాత మెడికల్ బోర్డు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆఫీసు నుంచి బోర్డుకు వెళ్ళే ఉత్తరంలో ఏం అడుగుతారో బోర్డు దానికే జవాబు రాస్తుంది. మా ఆఫీసు తయారుచేసిన ఉత్తరంలో ఒకే ప్రశ్న ఉంది: లైన్‌మన్‌గా కొనసాగడానికి ఫిట్టా, అన్‌ఫిట్టా? దానికి వచ్చే జవాబు పిల్లాడు కూడా చెప్తాడు. అన్న ఆఫీసులో కూర్చుని, "ఏయే పనులు చెయ్యగలడో కూడా తెలపగలరు" అని ఇంకో వాక్యం కలిపేదాకా కదల్లేదు. ఆ ఒక్క వాక్యం రాయించడానికి పట్టినంత టైము మిగతా దేనికీ పట్టలేదు.

బోర్డులో ఒక డాక్టరు గారు తెల్లకాగితం ఇచ్చి, పేరూ ఊరూ ఎడమచేత్తో రాయమన్నారు. నాకు టెన్షన్‌గా ఉన్నా చెయ్యి వణకలేదు, ఎందుకంటే అప్పటికే మా పాప నాలుగు గీతల కాపీ పుస్తకం తెచ్చిచ్చి, రోజూ రాత్రి ఒక పేజీ రాయించేది. అక్షరాలు వంకర పోయినా చదవడానికి వచ్చాయి. లైన్‌మన్ పనికి అన్‌ఫిట్, కూర్చుని చేసే ఆఫీసు పనికి ఫిట్ అని సర్టిఫికెట్ ఇచ్చారు. వైకల్య శాతం చెప్పే సదరం సర్టిఫికెట్ విడిగా తీసుకున్నాను.

ఈ రెండూ జతచేసి, చట్టంలో సెక్షన్ నంబరు రాసి, వేరే పోస్టు ఇమ్మని దరఖాస్తు పెట్టాను. చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. అడగ్గా అడగ్గా "మీ స్కేలుకు సరిపడే పోస్టు ఖాళీ లేదు" అని నోటితో చెప్పారు. అదే మాట రాసివ్వమన్నాను, ఇవ్వలేదు. ఖాళీ లేకపోతే ఏం చెయ్యాలో చట్టంలోనే ఉంది కదా. ఆ చట్టంలోనే సెక్షన్ 23 ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఫిర్యాదుల అధికారి ఒకరుండాలి, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారణ జరపాలి. ఆయనకు రిజిస్టర్డ్ పోస్టులో పంపించి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు దాచుకున్నాను. ఆ తర్వాతే ఫైలు కదిలింది. నోటిమాటగా తిరిగినంత కాలం నేను బతిమాలుకునే మనిషిని. కార్డు చేతికొచ్చాక నా ఫైలుకు ఒకరు జవాబు చెప్పాల్సి వచ్చింది.

సబ్ డివిజన్ ఆఫీసులో ఫిర్యాదుల డెస్కు మీద పోస్టింగ్ ఇచ్చారు. అదే పే స్కేలు. మధ్యలో ఆగిన ఇంక్రిమెంటు ఎరియర్స్‌తో సహా వచ్చింది. ఆ ఆర్డరు కాపీ చదివి మా ఆవిడ దేవుడి దగ్గర పెట్టింది. నాకు మాత్రం కాస్త కష్టంగానే గడిచింది మొదట్లో. వర్షం పడి ఫీడరు ట్రిప్ అయిందంటే కాళ్ళు బయటికి లాగేవి. ఇప్పుడు ఎవరు ఎల్‌సీ కోసం ఫోన్ చేసినా ఆ లైను మీద జనరేటర్లు ఎవరెవరికి ఉన్నాయో నేనే చెప్తున్నాను, ఆ లిస్టు నేనే తయారుచేశాను.

పెన్షన్ సంగతి కూడా మారింది. సర్వీసు ఆగలేదు కాబట్టి 2022లో ఇరవై ఏళ్ళు నిండాయి. ఈపీఎస్‌లో ఇరవై ఏళ్ళు నిండినవాళ్ళకు లెక్కలో ఇంకో రెండేళ్ళు కలుపుతారు. 58 నిండేదాకా ఏడాదికేడాది పెరుగుతుంది. అయినా అది చాలా చిన్న మొత్తమే. లైన్ల మీద పనిచేసేవాడికీ ఏసీ గదిలో పనిచేసేవాడికీ ఒకే ఫార్ములా పెట్టడం అన్యాయమనే నా అభిప్రాయం. దెబ్బ తగలడానికి ఎక్కువ అవకాశమున్న పనికి పెన్షన్‌లో వెయిటేజీ ఉండి తీరాలి. మా అవుట్‌సోర్సింగ్ కుర్రాళ్ళది ఇంకా దయనీయం. జీతం 21,000 లోపుంటే ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) వర్తిస్తుంది, శాశ్వత వైకల్యానికి నెలనెలా డబ్బు వస్తుంది. చాలామందికి తమ ఈఎస్‌ఐ నంబరే తెలియదు. తమ్ముళ్ళూ, ఈరోజే కనుక్కోండి.

ఉద్యోగం నిలబడినంత మాత్రాన నష్టపరిహారం పోదు, అది వేరే హక్కు. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం కింద లేబర్ డిపార్ట్‌మెంట్‌లో కమిషనర్ దగ్గర కేసు వేశాను. ప్రమాదం జరిగిన రెండేళ్ళలోపు వెయ్యాలి. ఆ చట్టంలో చెయ్యి ఎక్కడిదాకా పోయిందన్నదాన్ని బట్టి శాతాలు ఉన్నాయి. మోచేయి కొన నుంచి 11.43 సెంటీమీటర్లు, లేదా అంతకంటే కిందికి తీస్తే 60 శాతం. అంతకంటే పైకి తీస్తే 70. మా ఆఫీసువాళ్ళు 60 శాతానికి లెక్కగట్టి డిపాజిట్ చేశారు. డాక్టరు టేపు పెట్టి కొలిస్తే నాకు మిగిలింది 9 సెంటీమీటర్లే. అదీగాక 1975లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో, చెయ్యి పోయినవాడు వడ్రంగం చెయ్యలేడు కాబట్టి అది నూటికి నూరు శాతం నష్టమేనని తీర్పిచ్చింది. మా లాయరు గారు దాన్నీ వాదిస్తున్నారు. ఆలస్యమైన సొమ్ముకు ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా అడిగాం. వచ్చే వాయిదాకు ఆ డాక్టరు గారు వచ్చి సాక్ష్యం చెప్పాలి.